చెరువులోకి కంపెనీ నీళ్లు: చెన్నై హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చా?

ప్రశ్న: మాది సంగారెడ్డి జిల్లా. మా ఊరి చెరువుకు ఎగువన ఒక మందుల కంపెనీ ఉంది. పోయిన ఆగస్టు చివర్లో వానలు పడుతుండగా చెరువులోకి ఎర్రటి నీళ్లు దిగి చేపలన్నీ చచ్చి తేలాయి. మళ్లీ ఈ ఏప్రిల్‌లో రెండు రాత్రులు అలాగే వదిలారు. చెరువు కింద నాకు మూడెకరాలుంది. యాసంగి వరి సగం ఎర్రబారి ఎండిపోయింది. బోరు నీళ్లు కూడా వాసన వస్తున్నాయి. ఇది చాలదన్నట్టు చెరువు శిఖంలో (నీళ్లు నిలిచే భూమిలో) ఎవరో వెంచర్ వేసి మట్టి రోడ్లు పోస్తున్నారు. ఆ రోడ్డు కోసం నా పొలం గట్టు కూడా జరిపారు. పొల్యూషన్ బోర్డుకు ఫోన్ చేస్తే ఒకాయన వచ్చి చూసి వెళ్లాడు, అంతే. చెన్నైలో గ్రీన్ ట్రిబ్యునల్ ఉందట కదా. ఈ మూడింటి మీదా కలిపి ఒకే కేసు వేయవచ్చా? లాయర్ లేకుండా కుదురుతుందా? ఖర్చెంత అవుతుంది? (మే నెలాఖరులో ఒక రైతు రాసిన ఉత్తరం)

సమాధానం: కేసు వేయవచ్చు. మూడూ కలిపి మాత్రం వేయకండి. ట్రిబ్యునల్ నిబంధనల ప్రకారం ఒక దరఖాస్తు ఒకే వ్యాజ్య కారణం (కేసుకు దారితీసిన ఘటన) మీద ఉండాలి. గట్టు తగాదాను కూడా అందులో చేర్చారంటే, ‘ఇది అసలు భూమి గొడవ, కాలుష్యం పేరుతో వచ్చారు’ అని అవతలి లాయరు మొదటి వాయిదాలోనే అంటాడు. ఆ అవకాశం మీరే ఇచ్చినట్టవుతుంది. గట్టు సంగతికి మీసేవలో ఎఫ్‌-లైన్ (పొలం హద్దుల సర్వే) దరఖాస్తు పెట్టి సర్వేయరుతో కొలిపించండి. తేలకపోతే సివిల్ కోర్టు ఉంది. వెంచర్ గురించి చివర్లో చెబుతాం, దాని దారి వేరు. చెన్నైకి తీసుకెళ్లదగ్గది కంపెనీ నీళ్ల వ్యవహారం.

జాతీయ హరిత ట్రిబ్యునల్ 2010 నాటి చట్టంతో ఏర్పడింది. రెండు తెలుగు రాష్ట్రాల కేసులూ చెన్నైలోని దక్షిణ మండల బెంచికి వెళ్తాయి. అక్కడ న్యాయమూర్తి పక్కన పర్యావరణ నిపుణుడు కూడా సభ్యుడిగా కూర్చుంటాడు. ఇలాంటి కోర్టు కావాలని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిన సందర్భాల్లో ఒకటి మన హైదరాబాద్ జంట జలాశయాలదే. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌ల దగ్గర నూనెల ఫ్యాక్టరీ పెట్టడంపై 1999లో తీర్పు రాసిన జస్టిస్ జగన్నాథరావే తర్వాత లా కమిషన్ అధ్యక్షుడిగా 2003లో పర్యావరణ కోర్టుల మీద నివేదిక ఇచ్చారు. శాస్త్రం తెలియని జడ్జి ముందు రసాయనాల వాదన నిలబడదన్నది అప్పటి బాధ. మీ కేసులో దాని అర్థం ఒకటే: ప్రయోగశాల కాగితాన్ని చదవగలిగినవాళ్లు ఎదురుగా ఉంటారు, అందుకే ఆ కాగితం పకడ్బందీగా ఉండాలి.

ముందు తేదీలు చూద్దాం. ఇలాంటి కేసులు చాలామటుకు అక్కడే చిక్కుకుంటాయి. చట్టంలోని 14వ సెక్షన్ కింద వివాదం పరిష్కరించమని అడగాలంటే, కారణం మొదట పుట్టిన రోజు నుంచి 6 నెలల్లో వెళ్లాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు. అంతకు మించి ఇచ్చే అధికారం ట్రిబ్యునల్‌కే లేదు. ఆగస్టు చివర చేపలు చచ్చిన రోజు నుంచి లెక్కేస్తే ఫిబ్రవరి చివరకు 6 నెలలు, ఏప్రిల్ చివరకు ఆ అదనపు గడువూ దాటిపోయాయి. మీకు రెండు దారులు మిగిలాయి. ఏప్రిల్‌లో వదిలిన నీళ్లను వేరే ఘటనగా, వేరే తేదీలతో చూపించి 14వ సెక్షన్ వాడుకోవడం ఒకటి. అలా అయితే అక్టోబరు దాకా సమయం ఉంది. బెంగళూరు బెళ్లందూరు, అగర చెరువుల కేసులో 2015లో ట్రిబ్యునల్ మళ్లీ మళ్లీ పుట్టే కారణాన్ని వేరుగా చూసింది కాబట్టి ఈ వాదనకు ఆధారం ఉంది. అయినా కంపెనీ ఆగస్టునే పట్టుకుని వాదిస్తుందని ముందే అనుకోండి. రెండో దారి 15వ సెక్షన్: నష్టపరిహారం, పాడైన ఆస్తిని, పర్యావరణాన్ని మళ్లీ బాగుచేయించడం. దానికి గడువు 5 ఏళ్లు. మీరు రెండు సెక్షన్లూ చూపించి, ఆగస్టునూ ఏప్రిల్‌నూ విడివిడి పేరాల్లో రాయించండి. ‘గత కొంతకాలంగా కంపెనీ కాలుష్యం చేస్తోంది’ అని ఒక్క వాక్యంలో రాస్తే కేసును మీరే పాతిపెట్టినట్టు.

కంపెనీకి ఇచ్చిన పర్యావరణ అనుమతినే సవాలు చేయాలనుకుంటే గడువు ఇంకా తక్కువ. 16వ సెక్షన్ కింద 30 రోజులు, పైన మరో 60. అనుమతి సంగతి మొదట ఏ రూపంలో బయటికొచ్చిందో ఆ రోజు నుంచే లెక్క మొదలవుతుంది: వెబ్‌సైట్లో పెట్టడమో, తెలుగు పత్రికలో ప్రకటనో. పాత కంపెనీ కాబట్టి మీకు ఆ దారి మూసుకుపోయినట్టే, దాని జోలికి పోకండి. బోర్డు ఇచ్చే కన్సెంట్ (సమ్మతి) ఉత్తర్వు మీద కూడా నేరుగా చెన్నైకి వెళ్లడం కుదరదు. ముందు రాష్ట్రంలోని అప్పిలేట్ అథారిటీ, ఆ తర్వాతే ట్రిబ్యునల్.

ఫోన్ చేశారన్నారు. ఫోనుకు రికార్డు ఉండదు. ఈ వారంలోనే బోర్డు ప్రాంతీయ కార్యాలయంలోని ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నకలు కలెక్టరుకు. రెండు చోట్లా స్టాంపు వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకోండి. అందులో ‘తగు చర్య తీసుకోండి’ అని వదిలేయవద్దు. ఏ తేదీ రాత్రి ఎన్ని గంటలకు, ఏ కాలువ గుండా, ఏ రంగు నీళ్లు వచ్చాయో రాసి, నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం నమూనా తీయమని అడగండి. ఆ సెక్షన్ కింద బోర్డు అధికారి కంపెనీ మనిషి ఎదురుగా నమూనా తీసి, రెండు భాగాలు చేసి, సీలు వేసి పంపాలి. అలా తీసిన నమూనాకు ఉన్న బలం మీరు సీసాలో పట్టుకొచ్చినదానికి ఉండదు. కాకపోతే సాక్ష్య చట్టం నియమాలకు ట్రిబ్యునల్ కట్టుబడి ఉండనక్కర్లేదు, అందుకే మీ నమూనా కూడా పనికొస్తుంది. 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని ఎవరైనా చెబితే అది క్రిమినల్ కేసు పెట్టడానికి, ఈ దరఖాస్తుకు అవసరం లేదు.

అదే రోజు సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి. జిల్లా, ఆపై స్థాయి కార్యాలయాలకు 10 రూపాయలు, మండల స్థాయికి 5, గ్రామ స్థాయికి రుసుము లేదు. ఫలానా కంపెనీకి ఇచ్చిన సీఎఫ్ఈ (కంపెనీ పెట్టడానికి బోర్డు ఇచ్చే సమ్మతి), సీఎఫ్ఓ (నడపడానికి ఇచ్చే సమ్మతి) ఉత్తర్వులు, గత మూడేళ్ల తనిఖీ నివేదికలు, టాస్క్‌ఫోర్స్ ఆదేశాలు, వ్యర్థ జలాలను బయటికి పంపిన ట్యాంకర్ల మేనిఫెస్టులు (రవాణా చీటీలు), ఆన్‌లైన్ మీటర్ల రీడింగులు అడగండి. వీటన్నిటిలో ముఖ్యం సీఎఫ్ఓ. అందులో ‘జీరో లిక్విడ్ డిశ్చార్జి’ అని షరతు ఉంటే మీ పని సగం తేలికవుతుంది: ప్రహరీ దాటి చుక్క బయటికొచ్చినా ఉల్లంఘనే, అంకెలతో కుస్తీ పట్టనక్కర్లేదు. ఆ షరతు లేకపోతే సీఎఫ్ఓలో రాసిన పరిమితులు చూడాలి. చెరువులు, వాగుల్లోకి వదిలే నీటికి సాధారణ ప్రమాణాలు పీహెచ్ 5.5 నుంచి 9, లీటరుకు బీఓడీ (మలినాలను కుళ్లించడానికి సూక్ష్మజీవులకు పట్టే ఆక్సిజన్) 30 మిల్లీగ్రాములు, సీఓడీ (అదే పని రసాయనంతో చేయడానికి పట్టే ఆక్సిజన్) 250, తేలాడే ఘనపదార్థాలు 100.

ఇక మీ సొంత నమూనా. చాలామంది చెరువు మధ్య నుంచి ఒక సీసా తెచ్చి ల్యాబ్‌కు ఇస్తారు. రిపోర్టు ఎంత భయంకరంగా వచ్చినా కంపెనీ తరఫు నుంచి ‘అది ఊరి మురుగు’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. అందుకే కనీసం నాలుగు చోట్ల తీయాలి: కంపెనీ నీళ్లు కలిసే చోటుకు ఎగువన కాలువలో ఒకటి, కలిసే చోట ఒకటి, చెరువులోకి దిగే చోట ఒకటి, మీ బోరుది ఒకటి. ఊరికి అవతలి దిక్కున, ఈ కాలువతో సంబంధం లేని బోరు నీళ్లు కూడా తెస్తే పోల్చి చూపడానికి బాగుంటుంది. ఎగువ నమూనా శుభ్రంగా ఉండి దిగువది చెడితేనే వేలు కంపెనీ వైపు తిరుగుతుంది. ద్రావకాల (సాల్వెంట్ల) పరీక్షకు గాజు సీసా వాడండి, గాలి బుడగ లేకుండా మూతి దాకా నింపండి. ప్లాస్టిక్ సీసాలో, పైన ఖాళీ వదిలి పట్టుకెళ్తే ఆవిరయ్యేవన్నీ ఆవిరైపోయి రిపోర్టులో ఏమీ కనిపించదు. సీసాలను ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబ్‌కు చేర్చాలి, ఆలస్యమైతే బీఓడీ అంకె తగ్గిపోతుంది. ఎన్ఏబీఎల్ (పరీక్షశాలలను గుర్తించే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కే ఇవ్వండి. తీసేటప్పుడు పంచాయతీ కార్యదర్శి, మరో ఇద్దరు రైతులతో పంచనామా రాయించి, తేదీ, సమయం, జీపీఎస్ కనిపించే ఫొటోలు తీయండి. వదిలేది రాత్రిపూటో, వానలోనో కాబట్టి సీసాలు, ఐస్ పెట్టె ఇంట్లో ముందే సిద్ధంగా పెట్టుకోవాల్సిందే. తెల్లారేసరికి కాలువ మామూలుగా పారుతుంది.

పంట గురించి ఒక మాట, ఇది చాలామందికి తెలియదు. ట్రిబ్యునల్ కంపెనీకి వేసే ‘పర్యావరణ పరిహారం’ రైతు చేతికి రాదు. అది పర్యావరణాన్ని బాగుచేయడానికి ఉద్దేశించిన డబ్బు, బోర్డు ఖాతాకో నిధికో పోతుంది. పత్రికల్లో ‘కోట్ల జరిమానా’ అని చదివి ఊళ్లో వాటాలు లెక్కేసుకునేవాళ్లకు చివరికి మిగిలేది నిరాశే. మీకు డబ్బు రావాలంటే 15వ సెక్షన్ కింద విడిగా అడగాలి. చట్టం రెండో షెడ్యూల్లో ఉన్న పద్దుల వారీగా, పంటకు ఇంత, బోరుకు ఇంత, పశువుల వైద్యానికి ఇంత అని విడగొట్టి చూపాలి. మొత్తం ఐదు లక్షలు అని గుండుగుత్తగా అడిగితే ఒప్పుకోరు. పంట నష్టానికి పాసుబుక్కు, పంట నమోదు, వ్యవసాయ విస్తరణ అధికారి రాసిన పరిశీలన, గత యాసంగిలోనూ ఈ యాసంగిలోనూ కొనుగోలు కేంద్రం ఇచ్చిన ధాన్యం రశీదులు పెట్టండి. రెండేళ్ల రశీదులు పక్కపక్కన పెడితే తేడా దానంతటదే కనిపిస్తుంది. చేపల నష్టం మీరు అడగకండి. చెరువులో చేపల హక్కు మత్స్య సహకార సంఘానిదైతే ఆ సంఘమే దరఖాస్తుదారుగా చేరాలి. వాళ్లు చేరితే కేసుకు బలం కూడా. ఒక్కరి బాధ కాదు, ఊరంతటిదీ అని చూపాలి కాబట్టి గ్రామసభ తీర్మానం నకలు కూడా జతచేయండి. వేరే ఎక్కడైనా పరిహారం అడిగినా, అందుకున్నా ఆ సంగతి దాచకుండా రాయాలి. నష్టాన్ని పెంచి చూపి అది అబద్ధమని తేలితే ట్రిబ్యునల్ ఖర్చులు మీ మీదే వేయగలదు.

కంపెనీ మీద పడే పరిహారం ఎలా లెక్కిస్తారో తెలిస్తే మీ తేదీల విలువ అర్థమవుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూత్రం ప్రకారం కాలుష్య సూచిక, ఉల్లంఘన జరిగిన రోజులు, రూపాయల్లో ఉండే ఒక గుణకం, కంపెనీ పరిమాణం, ప్రాంతం, ఈ ఐదింటినీ గుణిస్తారు. మందుల కంపెనీ ఎరుపు వర్గంలో (ఎక్కువ కాలుష్యం చేసేవాటిలో) ఉంటుంది కాబట్టి సూచిక 80. రూపాయి గుణకం మామూలుగా 250. మధ్య తరహా కంపెనీ అయితే పరిమాణానికి 1, చిన్న ఊరి దగ్గర కాబట్టి ప్రాంతానికి 1. అంటే రోజుకు 20,000 రూపాయలు. ఏప్రిల్‌లో రెండు రాత్రులనే నిరూపిస్తే 40,000తో వదిలిపోతుంది, కంపెనీకి అది టీ ఖర్చు. బోర్డు తనిఖీలో లోపం కాగితం మీదికెక్కి, అది సరిదిద్దారని మళ్లీ తనిఖీలో తేలేదాకా 90 రోజులు పడితే 18 లక్షలు. రోజుల లెక్క మొదలయ్యేది బోర్డు రాసిన తేదీతోనే. ‘వచ్చి చూసి వెళ్లాడు’ అన్నారే, ఆయన ఆ రోజు నివేదిక రాశాడా లేదా అన్నది సమాచార హక్కు కింద మొదట అడగాల్సిన ప్రశ్న.

ప్రతివాదులుగా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి, కేంద్ర మండలి, కలెక్టరు, నీటిపారుదల శాఖ, కంపెనీ ఉండాలి. కంపెనీ పేరు సీఎఫ్ఓలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. కొందరు ప్రభుత్వాన్ని మాత్రమే చేర్చి కంపెనీని వదిలేస్తారు, త్వరగా ఆర్డరు వస్తుందని. వస్తుంది, సుప్రీంకోర్టులో ఎగిరిపోతుంది. మా మాట వినకుండా ఉత్తర్వు ఇచ్చారని కంపెనీలు వెళ్లినప్పుడు సుప్రీంకోర్టు చాలాసార్లు కేసును వెనక్కి పంపింది. నిపుణుల కమిటీ నివేదికనే తీర్పుగా చేసుకోవద్దని కూడా ట్రిబ్యునల్‌కు చెప్పింది. ఇలాంటి కేసుల్లో ట్రిబ్యునల్ మామూలుగా మొదట చేసే పని బోర్డు, కలెక్టరు ప్రతినిధులతో సంయుక్త కమిటీ వేయడం. కమిటీ వచ్చే రోజు మీరు చెరువు దగ్గర ఉండి, నీళ్లు కలిసే చోటు చూపించి, మీ అభ్యంతరాలు అక్కడికక్కడే రాసిచ్చి సంతకం తీసుకోండి. నివేదిక వచ్చాక దానిలో తప్పులుంటే అఫిడవిట్‌తో అభ్యంతరం వేయాలి. మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే అనుకుంటారు.

ఖర్చు మీరు భయపడినంత లేదు. పరిహారం అడగని దరఖాస్తుకు 1,000 రూపాయలు, అడిగితే అడిగిన మొత్తంలో 1 శాతం, కనీసం 1,000. రెండు లక్షలు అడిగితే 2,000. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో వేయవచ్చు, విచారణకు వీడియోలో హాజరు కావచ్చు. కష్టమల్లా భాషది. దరఖాస్తు ఇంగ్లీషులో ఉండాలి, తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. పంచనామా, గ్రామసభ తీర్మానం, పాసుబుక్కు, అన్నీ. అనువాదం లేక రిజిస్ట్రీ లోపాలు చూపి వెనక్కి పంపే దరఖాస్తులు తక్కువేమీ కాదు. మా సలహా: దరఖాస్తు రాయడం వరకైనా పర్యావరణ కేసులు చేసే లాయరుతో చేయించుకోండి. ఉత్తరం రాస్తే ట్రిబ్యునల్ తనంతట తాను కేసు తీసుకుంటుందని మీకెవరైనా చెప్పి ఉండవచ్చు. ఆ అధికారం ఉందని 2021లో సుప్రీంకోర్టు నిర్ధారించిన మాట నిజమే. విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ ప్రమాదంలో మర్నాడే, 2020 మే 8న, అలాగే కేసు తీసుకుని 50 కోట్లు జమచేయమంది. ఊరి చెరువు ఉత్తరానికి అంత కదలిక వస్తుందని నమ్ముకుని గడువు పోగొట్టుకోకండి.

ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ఆచరణలో అంతకంటే ఎక్కువే పట్టవచ్చు. అందుకే దరఖాస్తుతో పాటే మధ్యంతర ఉత్తర్వు అడగండి: కాలువలోకి తెరిచిన పైపు మూయించడం, ఊరికి ట్యాంకరుతో మంచినీళ్లు. తుది ఉత్తర్వు మీద ఎవరైనా సుప్రీంకోర్టుకు 90 రోజుల్లో వెళ్లవచ్చు. ఉత్తర్వు వచ్చాక కంపెనీ పట్టించుకోకపోతే ట్రిబ్యునల్‌లోనే అమలు దరఖాస్తు వేయాలి, దాని ఉత్తర్వు సివిల్ కోర్టు డిక్రీలాంటిదే.

వెంచర్ సంగతి. శిఖంలో రోడ్డు పోశారన్న కారణంతో చెన్నైకి వెళ్తే మొదటి ప్రశ్న ‘ఏ చట్టం ఉల్లంఘన?’ అని. ట్రిబ్యునల్ చూసేవి దాని మొదటి షెడ్యూల్లోని కేంద్ర చట్టాలే: నీరు, గాలి, పర్యావరణ పరిరక్షణ, అటవీ సంరక్షణ, జీవవైవిధ్యం లాంటివి. లేఅవుట్ అనుమతులు, పంచాయతీరాజ్, వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు ఉన్న రాష్ట్ర చట్టం) అందులో లేవు. చిత్తడి నేలల నిబంధనలు, 2017 చూపిద్దామంటే సాగునీటి కోసం కట్టిన చెరువులను వాటి నిర్వచనం నుంచే తీసేశారు, మన ఊరి చెరువులన్నీ ఆ కోవలోకే వస్తాయి. పర్యావరణ అనుమతి లేదందామంటే నిర్మాణం 20,000 చదరపు మీటర్లు దాటాలి, లేదా లేఅవుట్ 50 హెక్టార్లకు చేరాలి. బఫర్ (చెరువు చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా) పెంచమని అడగడం కూడా వృథా. బెంగళూరు కేసులో ట్రిబ్యునల్ 2016లో చెరువులకు 75 మీటర్ల బఫర్ పెడితే, మాస్టర్ ప్లాన్ నిబంధనలను మార్చే అధికారం దానికి లేదని సుప్రీంకోర్టు 2019లో కొట్టేసింది.

తెలంగాణలో ఇప్పటికే ఉన్న కొలతనే పట్టుకోండి: 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు కట్టడాలు ఉండకూడదు. నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) దగ్గర ఎఫ్‌టీఎల్ పటం నకలు తీసుకుని, తహసీల్దారుకు, జిల్లా పట్టణ ప్రణాళిక అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా పరిధి ఔటర్ రింగ్ రోడ్డు దాకానే కాబట్టి మీ ఊరు దానికి అవతల ఉంటే అక్కడికి తిరగనక్కర్లేదు. కదలిక లేకపోతే హైకోర్టులో రిట్. ఎఫ్‌టీఎల్ హద్దు రాళ్లు ఇంకా పాతకపోతే వెంటనే పాతమని అడగండి. వానలు పడి చెరువు నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో తేదీతో ఫొటోలు తీసిపెట్టుకోండి, రాళ్లు ఎక్కడ పాతాలన్న దగ్గరే పేచీ వస్తుంది.